ఇనుము తగలని మూడు రోజులు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారినా దిద్దుకొని చదవండి. చెయ్యి నెమ్మది. ఒక్కో పేజీ ఒక్కో పొద్దును తినేసింది. చెప్పే సంగతికి మాత్రం నెమ్మది పనికిరాదు, అందుకని నేరుగా మొదలుపెడుతున్నాను.

ఆ ఏడు ఆషాఢం వచ్చేసరికి హన్నమ్మ కాళ్ళు ఒకచోట నిలవడం మానేశాయి. కూర్చుంటే లేచేది, లేస్తే కొట్టంలోకి పోయేది, కొట్టంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్ళీ కొట్టంలోకి. పొయ్యి మీద జొన్నరొట్టె వేసి గుర్రాన్ని చూడడానికి పోతే, తిరిగి వచ్చేసరికి రొట్టె నల్ల పెంకు అయ్యేది.

"ఏందత్తమ్మా, అరికాళ్ళకు చక్రాలు గిట్ల కట్టుకున్నవా?" అని కోడలు రోజ నవ్వింది. "అది ఈనేటప్పుడు ఈనుతది. నువ్వు తిరిగితే జల్ది ఈనుతదా?"

"నీ రొట్టె నువ్వు చూస్కో పిల్లా."

"మాడింది నీ రొట్టెనే."

వాళ్ళ ఇల్లు నారాయణఖేడ్‌లో చర్చి వెనక వాడలో ఉంది. ఇంటికి ఆనుకొని రేకుల కొట్టం, కొట్టంలో చాందిని అనే తెల్ల గుర్రం. ఖేడ్ చుట్టుపక్కల ఎవరింట పెండ్లయినా పెండ్లిపిల్లగాడు ఎక్కేది చాందిని మీదే. హిందువుల బరాత్ అయినా, ముస్లింల బరాత్ అయినా, తెల్ల కోటు వేసుకున్న క్రైస్తవ పిల్లగాడైనా దానికి ఒకటే. బ్యాండు ముందర బొమ్మలా నిలబడేది. పటాకులు పేలినా చెవి కదిపేది కాదు. హన్నమ్మ పెనిమిటి ఎల్లప్ప దాన్ని మాలేగావ్ జాతరలో ఏరి తెచ్చాడు. తెచ్చిన మరుసటేడే గుండె పట్టుకొని పోయాడు. అప్పటినుంచి కొడుకు గిద్యోను కళ్లెం పట్టుకుంటున్నాడు. పెండ్లిళ్ళు లేని ఆషాఢంలో అతను జహీరాబాద్‌లో మేస్త్రీ పనికి పోతాడు. ఇంట్లో మిగిలేది అత్తా కోడలూ, గుర్రమూ.

వాడలోనే ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. ఎల్లప్ప అన్న, అహరోను. ఏడు పదులు దాటినా గుర్రం గిట్టను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటే గుర్రం కిక్కురుమనేది కాదు. గుర్రాల సంగతిలో ఆ ఇంట అతని మాటే వేదం. ఆ మాటల్లో అన్నిటికంటే గట్టి మాట ఇనుము మాట.

వాళ్ళ తాతల నాటినుంచి ఉన్న పద్ధతి అది. ఆడ గుర్రానికి నెలలు నిండుతున్నాయంటే ముందుగా దాని నాడాలు ఊడదీస్తారు. ఇనుప గొలుసు తీసి నూలు తాడు కడతారు. గుంజకున్న మేకులు పీకుతారు. నీళ్ళకు బకెట్టు వద్దు, మట్టి కుండ. కొడవలి కొట్టంలోకి రాకూడదు. లోపలికి పోయే ఆడవాళ్ళు చీర కొంగుకున్న పిన్నీసు కూడా తీసి గూట్లో పెట్టి పోవాలి. పిల్ల పుట్టాక మూడు రోజులదాకా దానికి ఇనుము తగలకూడదు. బొడ్డు తాడు దానంతటదే తెగాలి, పసుపు దారంతో కట్టాలి. ఇనుము తగిలితే పిల్ల నెత్తురు భయపడుతుందట.

"ఇనుముకు నెత్తుటి రుచి ఎరుక. పసిదాన్ని చూస్తే ఊకోదు," అనేవాడు అహరోను.

రెండేండ్ల కింద చాందిని మొదటిసారి ఈనింది. అప్పుడు ఈ పద్ధతి అంతా గీత గీసినట్టు పాటించారు.

మగ పిల్ల. పుట్టిన గంటకే లేచి తల్లి పాలు పట్టింది. మొదటి రోజంతా కొట్టంలో గెంతింది. రెండో రోజు మధ్యాహ్నానికి పాలు వదిలేసి మూలకు పండుకుంది. మూడో రోజు పొద్దున హన్నమ్మ దాని పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పసుపు పూసినట్టున్నాయి. కంటి తెలుపు కూడా అంతే. ఉచ్చ పోస్తే చాయ్ రంగు.

"పసిరికలు," అన్నాడు అహరోను. ఇనుము పనికిరాదు కనుక పసుపుకొమ్ము కాల్చి రెండు పక్కటెముకల మీద వాతలు పెట్టాడు. పిల్లకు అరిచే ఓపిక కూడా లేదు.

డాక్టర్ని పిలుద్దామని హన్నమ్మ అనబోయింది. "ఇంకొక్క రోజు. మూడు నిండనీ," అన్నాడు అహరోను. మూడు నిండాయి. నాలుగో రోజు పొద్దున గిద్యోను పోయి పశువుల దవాఖాననుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మను తీసుకొచ్చాడు. సుహాసిని ఆమె పేరు. చిన్న వయసు, పెద్ద సంచి. పిల్ల చెవి నుంచి ఒక చుక్క, చాందిని మెడ నుంచి కొంచెం నెత్తురు తీసింది. ఆమె సంచి మూస్తుండగానే పిల్ల హన్నమ్మ ఒళ్ళో తల పెట్టి పోయింది.

ఇంతవరకూ వాడలో అందరికీ తెలుసు. ఆ తరువాతి సంగతి ఇద్దరికే తెలుసు.

వారం తరువాత డాక్టరమ్మ తనంతట తాను వచ్చింది. వాకిట్లో హన్నమ్మ ఒక్కతే ఉంది. "పెద్దమ్మా, నెత్తురు పరీక్ష చేసిన," అంది సుహాసిని. "ఇది గోమార్ల వల్ల వచ్చే రోగం. గోమారి కుట్టినప్పుడు కంటికి కనపడని పురుగు నెత్తుట్లకు ఎక్కుతది."

హన్నమ్మకు అక్కడే ఒళ్ళు మండింది. "నా కొట్టంల ఒక్క గోమారి చూపియ్యి. దినాం నా చేత్తోని ఏరి కిరసనాయిల్ల ఏస్త. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లను ఏ గోమారి కుట్టింది?"

"పిల్లను కుట్టలే. తల్లిని ఎప్పుడో కుట్టింది, మీరు కొనకముందే కావచ్చు. తల్లికి ఏం కాలే, మంచిగనే ఉన్నది. కానీ పురుగు తల్లి నెత్తుట్లనే ఉండిపోయింది. కడుపుల ఉన్నప్పుడే పిల్లకు ఎక్కింది. తల్లి నెత్తుట్ల నుంచే..."

హన్నమ్మ చేతిలో చీపురు ఉంది. అది తగలలేదు కానీ, డాక్టరమ్మ కాళ్ళ ముందు పడింది.

"నడువ్. మళ్ళ నా గడప తొక్కకు. తల్లి నెత్తురంట! ఎవరికి చెప్తున్నవ్?"

ఆ మాట హన్నమ్మకు కొత్త కాదు. గిద్యోను కంటే ముందు ఆమెకు ఇద్దరు పుట్టారు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. ఇద్దరూ పచ్చబడి, ఒకరు మూడో రోజు, ఒకరు అయిదో రోజు పోయారు. అత్త చాపలు దులుపుతూ వాడంతా వినేట్టు అన్నది: "దీని నెత్తురే మంచిది కాదు." గిద్యోను బతికాక అత్త ఆ మాట మళ్ళీ అనలేదు. కానీ వెనక్కి తీసుకోనూ లేదు. ముప్పై ఏండ్లుగా హన్నమ్మ చెవిలో అది ముల్లులా దిగే ఉంది. చదువుకున్న పిల్ల ఒకతె వచ్చి, అదే మాట గుర్రం మీద పెట్టి అంటే, ఆమెకు గుర్రం వినపడలేదు.

డాక్టరమ్మ చీపురు దాటి గేటుదాకా పోయి ఆగింది. "మళ్ళ సూడిదైతే ఈనిన రోజే పిలువుండ్రి పెద్దమ్మా. మూడు రోజులు ఆగకుండ్రి," అని పోయింది.

ఇప్పుడు చాందినికి మళ్ళీ నెలలు నిండాయి. నాడాలు ఊడదీశారు. మేకులు పీకారు. మట్టి కుండ పెట్టారు. డాక్టరమ్మ పోతూ అన్న మాట హన్నమ్మ అరికాళ్ళ కిందికి వచ్చి కూర్చుంది. అందుకే ఆమె కాలు నిలవడం లేదు. ఎవరికి చెప్పుకోగలదు? చెప్తే చీపురు సంగతి కూడా చెప్పాలి.

మంగళవారం పొద్దున అహరోను తవుడు కోసం పక్క ఊరి అంగడికి పోయాడు. పోతూ పోతూ చాందిని పొదుగు తడిమి, "ఇంక రెండు దినాలు పడ్తది," అన్నాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో గుర్రం పక్కలు చెమర్చాయి. ముంగాలితో నేల గీరింది. పండుకుంది, లేచింది, మళ్ళీ పండుకుంది. హన్నమ్మ గూట్లో పిన్నీసు పెట్టి లోపలికి పోయింది. ఎండ రేకుల సందుల్లోంచి గీతలు గీతలుగా పడుతుండగా, అరగంటలో పిల్ల నేల మీద ఉంది.

ఆడ పిల్ల. బూడిద రంగు. నుదుటి మీద ఉప్పు చిటికెడంత తెలుపు.

"అత్తమ్మా, ఎంత ముద్దుగున్నది!" అంది రోజ గుమ్మంలోంచి.

హన్నమ్మ పిల్ల ముద్దును చూడలేదు. పెదవి ఎత్తింది. చిగుళ్ళు పసుపుగా లేవు. కానీ గులాబీగానూ లేవు, నానబెట్టిన గుడ్డలా తెల్లగా ఉన్నాయి. గంట గడిచింది. పిల్ల లేవలేదు. ముందు కాళ్ళు చాచి ప్రయత్నించి మొహం మీద పడింది. ముందు పుట్టిన అన్నకు పట్టిన సమయానికి రెండింతలు పట్టాక లేచి, ఊగుతూ పొదుగు వెతుక్కొని రెండు గుక్కలు తాగి, నోట్లో చన్ను ఉంచుకొనే కునికింది.

హన్నమ్మ లేచింది. కొంగుకు పిన్నీసు పెట్టుకుంది.

"ఎటు?" అంది రోజ.

"నాగల్‌గిద్దకు. గా డాక్టరమ్మ బదిలీ అయ్యి ఇప్పుడు అక్కడనే ఉన్నదంట కద."

"ఖేడ్ దవాఖానల డాక్టరున్నడు, ఆయన్ని పిలుస్త. లేకుంటే ఆమెకు ఫోన్ చేస్త. ఆయనకాడ నంబరుంటది."

"తిట్టిన నోటితోని ఫోన్ల పిలుస్తరా? మనిషి పోవాలె. చాందిని నెత్తురు చూసింది ఆమెనే, మాటలు పడ్డదీ ఆమెనే. పెద్దమామ వస్తే నేను చర్చికి పోయిన అని చెప్పు."

"మంగళవారం చర్చా?"

"ప్రార్థనకు దినాలుంటయా? చెప్పు ఊకె."

షేర్ ఆటో నిండేదాకా డ్రైవరు కదలలేదు. హన్నమ్మ ఆటో చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఎక్కాక ఊరికే ముందుకు వంగి కూర్చుంది, తాను వంగితే బండి తొందరగా పోతుందన్నట్టు. రెండువైపులా కంది చేలు వానకు లేచి ఉన్నాయి. పక్కనున్న ముసలామె సరిహద్దు అవతలి మనిషి, సగం కన్నడ సగం తెలుగు.

"యాకవ్వా, ఇష్టు పరేషాన్? మనెయల్లి, ఇంట్ల యారికన్నా బాగలేదా?"

"పిల్లకు," అంది హన్నమ్మ.

"నిమ్మ మొమ్మగళా? మనవరాలా?"

హన్నమ్మ అవునని తల ఊపింది. "అట్లనే అనుకో."

"దేవరు కాపాడుతానె బిడు," అని ముసలామె తన సంచిలోంచి వేయించిన పల్లీలు గుప్పెడు తీసి చేతిలో పోసింది. హన్నమ్మ వాటిని నోట్లో వేసుకోలేదు. నాగల్‌గిద్దలో దిగేదాకా గుప్పిట్లోనే నలిపింది.

సుహాసిని మేకలకు మందు తాగిస్తూ ఉంది. మోచేతులదాకా తడి. తల ఎత్తి హన్నమ్మను చూసి గుర్తుపట్టింది. హన్నమ్మ చేతులవైపు ఓసారి చూసింది కూడా, చీపురు ఉందేమో అన్నట్టు.

"తీస్కరాలే," అంది హన్నమ్మ. "పిల్ల పుట్టింది. పొద్దుగాల. ఇంక మూడు రోజులు కాలే."

డాక్టరమ్మ మేకను వదిలేసింది. చేతులు కడుక్కొని, ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తీసి సంచిలో వేసుకొని స్కూటీ తాళం పట్టుకుంది. మేకల మనిషి "నావి ఇంక నాలుగున్నయి మేడం!" అంటే, "అవి గంటల చస్తయా?" అని అతన్ని అటెండరుకు అప్పగించింది.

దారిలో స్కూటీ వెనక కూర్చొని, గాలికి కొంగు నోట్లోకి పోతుంటే హన్నమ్మ అరిచింది. "గప్పుడు నిన్ను అనరాని మాటలన్న బిడ్డా."

"విన్న పెద్దమ్మా."

"నాకు ఇద్దరు పోయిండ్రు. పచ్చగై. నా నెత్తురు మంచిది కాదన్నరు. నువ్వు గదే మాట అన్నవనుకున్న."

స్కూటీ నెమ్మదించింది. "నెత్తుట్ల ఉన్నదంటే తల్లి చేసిందని కాదు పెద్దమ్మా," అంది సుహాసిని. "పురుగు తల్లిని కూడా అడగలే. తల్లికి తెల్వకుంటనే మోస్తున్నది. చాందినిదేం తప్పు?"

"నా ఇద్దరికీ గిదేనా?"

"కాదు. ఇది గుర్రాలది, మనుషులకు రాదు. మీ పిల్లలకు ఏమైందో నాకు తెల్వది. చూసినోళ్ళు లేరు కద. పుట్టిన పిల్లలు పచ్చబడుడు శానామందికి ఐతది. జల్ది చూపిస్తే శానామంది బతుకుతరు."

చూసినవాళ్ళు లేరు. హన్నమ్మ ఆ మాటను దారంతా మోసింది. ఎందుకు లేరో ఆమెకు గుర్తుంది. ఆ ఇంట్లో గుర్రం పిల్లలకు పెట్టిన నియమమే మనిషి పిల్లలకూ పెట్టారు. మూడు రోజులు ఇనుము తగలొద్దు. కత్తెర వద్దు, సూది వద్దు, సూది ఉన్న దవాఖాన వద్దు. గిద్యోను మాత్రం వానల్లో బస్సు చెడిపోయి, ఆమె పుట్టింటి దగ్గరి దవాఖానలో పుట్టాడు. పుట్టినప్పుడే సూది వేశారు. అత్తకు ఆ సంగతి ఆమె చెప్పనే లేదు.

కొట్టం గుమ్మంలో అహరోను నిలబడి ఉన్నాడు. తవుడు బస్తా ఇంకా భుజం మీదే ఉంది.

"చర్చి స్కూటీ మీద వచ్చిందా హన్నమ్మా?"

"బావా, పక్కకు జరుగు."

"సంచిల ఏమున్నది? సూదేనా? సూది ఇనుము కాదా?" బస్తా దించి గుమ్మానికి అడ్డంగా వేశాడు. "నా తమ్ముడు బతికుంటే నీకు గింత ధైర్యముండేదా? మా తాత నలభై పిల్లలను పెంచిండు. ఒక్కదానికి సూది ఎరుకలేదు."

"పెంచినయి లెక్కవెట్టిండు. పోయినయి ఎవరు లెక్కవెట్టిండ్రు?" "మొదటి దానికి నువ్వు చెప్పినట్టే చేసిన. మేకులు పీకిన. పిన్నీసు తీసిన. ఒళ్ళు కాలుస్తుంటే కాళ్ళు పట్టుకున్న. ఇనుము తగలకుండనే సచ్చింది బావా. నా కడుపుల పుట్టిన ఇద్దరూ ఇనుము తగలకుండనే సచ్చిండ్రు. తగిలినోడు ఒక్కడు బతికిండు. గిద్యోనుకు పుట్టినప్పుడే సూదేసిండ్రు. ఇన్నేండ్లు దాచిన, ఇయ్యాల చెప్తున్న. ఇగ జరుగు."

అహరోను జరగలేదు. హన్నమ్మ బస్తా మీద కాలు వేసి దాటింది. వెనక డాక్టరమ్మ కూడా దాటింది.

పిల్ల చెవి అంచున సూది మొన గుచ్చితే నెత్తుటి చుక్క వచ్చింది. పలుచన, నీళ్ళు కలిసినట్టు. రెండు గాజు పలకల మీద అద్దుకొని సుహాసిని ఖేడ్ దవాఖానకు పోయింది. గంట పట్టింది. ఆ గంటలో హన్నమ్మ వాకిలి మూడుసార్లు ఊడ్చింది. ఊడ్చిన చెత్తను మళ్ళీ చెదరగొట్టి ఊడ్చింది. అహరోను గుమ్మం పక్కన మెట్టు మీద కూర్చొని బీడీ ముట్టించకుండా పట్టుకున్నాడు.

రోజ ఫోను మోగింది. దవాఖానలో నెత్తురు చూసే మైక్రోస్కోపు లోపలినుంచి తీసిన ఫోటో అది. ఎర్రని గుండ్రాలు, కంకుల్లోంచి రాలిన గింజల్లా. డాక్టరమ్మ ఒక గుండ్రం చుట్టూ గీత గీసి పంపింది. దాని లోపల నాలుగు చిన్న చుక్కలు, ఒకదానికొకటి ఆనుకొని. ఆ నాలుగూ ఒక ఆకారంలో ఉన్నాయి.

అహరోను ఫోను లాక్కొని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. బీడీ కింద పడింది.

"సిలువ," అన్నాడు మెల్లగా. "చూడుండ్రి. సిలువ గురుతు! దేవుడు దీని నెత్తుట్ల ముద్ర ఏసిండు. హన్నమ్మా, సూది వద్దు. ఆయనే కాపాడుతడు."

రోజ కూడా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిజంగానే అది సిలువలాగే ఉంది. హన్నమ్మ చాలాసేపు చూసింది. ఒక్క క్షణం ఆమెకు కూడా మోకాళ్ళు వంచాలనిపించింది.

"బావా," అంది చివరికి, "ఆయన మూడో దినం లేచిండు. మొదటి పిల్లకు మూడు దినాలు ఆగితిమి, అది లేవలే."

అహరోను ఫోను రోజ చేతికి ఇచ్చేశాడు.

డాక్టరమ్మ వచ్చి మందు సూదిలోకి లాగుతూ అందరికీ వినపడేట్టు చెప్పింది. "ఇది గట్టి మందు. ఎక్కించినంక నోట్లె నురుగు వస్తది, కడుపు నొప్పి లేస్తది, చెమట పడ్తది. దానికి కూడా ఒక సూది ఏస్తున్న. అయినా ఒక గంట చూడబుద్ధి కాదు. బతుకుతదని రాసియ్యలేను. ఏమంటవు పెద్దమ్మా?"

అందరూ హన్నమ్మ వైపు చూశారు. ఆమె పిల్ల మెడను ఒళ్ళోకి తీసుకుంది. "ఎయ్యి," అంది.

డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. పావుగంటకే పిల్ల నోట్లోంచి జిగురు తీగలు సాగాయి. కాళ్ళు తన్నుకుంది. పక్కలు కొలిమితిత్తిలా ఎగసిపడ్డాయి. చాందిని తాడు తెంపుకునేంతగా లాగి సకిలించింది, పటాకులకు చెవి కదపని గుర్రం. "చంపితివి," అన్నాడు అహరోను గుమ్మంలోంచి. "ఇనుముతోని చంపితివి." హన్నమ్మ తల ఎత్తలేదు. కొంగుతో పిల్ల నోరు తుడుస్తూనే ఉంది. కొంగు తడిసి మోకాలికి అంటుకుంది.

గంటకు కొంచెం ముందే తన్నుకోవడం తగ్గింది. పిల్ల నిద్రపోయింది. అది నిద్రో ఇంకేమో చూడడానికి హన్నమ్మ దాని ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి కూర్చుంది.

"ఇప్పుడు చూడాల్సింది ఉచ్చ," అంది సుహాసిని పోయేముందు. "రంగు చాయ్ లెక్క అయితే వెంటనే ఫోన్ చెయ్యి. ఎల్లుండి రెండో సూదికి నేనే వస్త."

అక్కడినుంచి మొదలైంది హన్నమ్మ అసలు తిరుగుడు. పెండ్లిలో పెట్టిన తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటి ఆమె దగ్గర ఉంది, పండుగకు తప్ప బయటకు రానిది. అది పట్టుకొని పిల్ల వెనకాల తిరిగింది. పిల్ల లేస్తే లేచేది. పిల్ల తోక ఎత్తితే పళ్ళెం చాచేది. సగంసార్లు ఊరికే ఎత్తేది. వాడ పిల్లలు గోడ ఎక్కి చూశారు. "హన్నమ్మవ్వ గుర్రానికి పళ్ళెంల అన్నం పెడ్తుంది!" అని ఒకరు, "కాదురో, కానుకలు పడ్తుంది!" అని ఇంకొకరు.

మొదటి రోజు సాయంత్రం పళ్ళెంలో పడింది బెల్లం నీళ్ళ రంగు. ఫోన్ చేస్తే "చాయ్ రంగా, బెల్లం రంగా, సరిగ చెప్పు" అంది డాక్టరమ్మ. "బెల్లం." "అయితే ఆగుదాం. తల్లి పాలు మాననియ్యకు." రెండో రోజు పిల్ల రెండు పూటలు పాలు ముట్టలేదు. రోజ చాందిని పాలు పిండి, సీసాతో పట్టింది. కంటి తెలుపులో కొంచెం పసుపు కనపడింది. అహరోను ఆ పసుపును చూశాడు. హన్నమ్మ కూడా చూసింది. ఆ పూట అహరోను ఇంటికి పోలేదు. మెట్టు మీదే కూర్చొని రొట్టె అక్కడే తిన్నాడు.

మూడో రోజు రెండో సూది పడింది. మళ్ళీ నురుగు, మళ్ళీ తన్నుకోవడం. ఈసారి అహరోను లోపలికి వచ్చాడు. వచ్చి, పిల్ల వెనక కాళ్ళు పట్టుకున్నాడు. అతని మొలతాడుకున్న తాళంచెవుల గుత్తి పిల్ల పొట్టకు తగులుతూ ఉంది. హన్నమ్మ చూసింది. చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున వాన వెలిసింది. పిల్ల తనంతట తాను లేచి, తల్లి పొదుగును తలతో గుద్ది గుద్ది తాగింది. తాగి, వాకిట్లోకి నాలుగు అడుగులు వేసి కాళ్ళు ఎడం చేసింది. హన్నమ్మ పళ్ళెంతో పరుగెత్తింది, సగం నేల పాలైనా సగం దొరికింది. వెలుతురులోకి పట్టి చూసింది. పళ్ళెం అడుగున వేసిన నీలం పువ్వు స్పష్టంగా కనిపించింది.

"బావా! ఓ బావా! చూడు!" పళ్ళెం తొణుకుతుండగా మెట్టుదాకా వచ్చింది. "పువ్వు కనపడుతుంది! నీళ్ళ లెక్కనే ఉన్నది!"

అహరోను ముక్కు ముడిచి వెనక్కి వంగాడు. "కనపడుతుంది తియ్యి. మొగం మీద పోస్తవా ఏంది?" అన్నాడు. ఆ తరువాత లేచి, గూట్లో వరుసగా పెట్టిన చాందిని నాడాలను ఒక్కొక్కటే తీసి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ పదో రోజు వచ్చి మళ్ళీ నెత్తురు చూసింది. పిల్ల బతుకుతుందని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "పురుగు తగ్గింది కానీ పూర్తిగ పోయిందని చెప్పలేను పెద్దమ్మా. దీని నెత్తుట్ల కూడా ఉండిపోవచ్చు, చాందిని లెక్కనే. మంచిగనే తిరుగుతది, పని చేస్తది. కానీ ఇది ఆడపిల్ల. రేపు ఇది ఈనితే..."

"ఎరుకనే," అంది హన్నమ్మ. "ఈనిన రోజే పిలవాలె."

అది జరిగి నాలుగేండ్లు. చాందిని ముసలిదై ఇంకా బరాత్‌లకు పోతూనే ఉంది, అహరోను వెంట. గిద్యోనుకు పట్నంలో పెండ్లి గుర్రాల దగ్గరే పని దొరికింది, భార్యనూ తల్లినీ తనతో తీసుకుపోయాడు. పిల్లను సిర్గాపూర్‌లో నర్సింగ్ అనే గుర్రాల మనిషికి ఇచ్చారు. బూడిద రంగు పోయి అది తల్లిలా తెల్లబడింది. ఈ ఆషాఢానికి అది ఈనుతుందని రోజకు కబురు వచ్చింది.

కబురు విన్నప్పటినుంచి హన్నమ్మ కాళ్ళు మళ్ళీ నిలవడం మానేశాయి. పట్నంలో తిరగడానికి వాకిలి కూడా లేదు, మూడో అంతస్తు వరండా తప్ప. ఆమె నర్సింగ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"సరే అక్కా, సరే. మూడు రోజులు కానీ, నాలుగో రోజు తప్పకుంట పిలుస్త," అన్నాడు నర్సింగ్.

అతని ఇంట కూడా మేకులు పీకుతారు. మట్టి కుండ పెడతారు.

ఫోనులో చెప్పిన మాట గాలిలో పోతుంది. కాగితమైతే కొట్టం గుంజకు కట్టవచ్చు, కట్టడానికి మేకు అక్కరలేదు, దారం చాలు. నర్సింగ్ కూతురు బడికి పోతుంది, చదివి వినిపిస్తుంది. అందుకే ఆ పిల్లకు అర్థమయ్యేట్టు ఇది రాయడమైంది. చదివే బిడ్డా, మీ నాయనకు ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పు: తల్లి మంచిగుంది కదా అని ఊరుకోవద్దు. పిల్ల గెంతుతోంది కదా అని ఊరుకోవద్దు. నాలుగో రోజు కాదు, మూడో రోజు కాదు. నేల మీద పడిన రోజే డాక్టర్ని పిలవాలి. నెత్తురు చూపించాలి. ఇంట్లో తెల్ల పళ్ళెం లేకపోతే నా పళ్ళెం రోజతో పంపిస్తాను.

హన్నమ్మ
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉండేది పటాన్‌చెరు, కొడుకు దగ్గర